బండి విప్పిన ఆదివారం

కొన్ని ధ్వనులు మనిషి మనసులో దృశ్యాలకన్నా గాఢంగా నిలిచిపోతాయి. కొందరికి గుడిగంట, కొందరికి తల్లి పాడిన జోలపాట, మరికొందరికి తొలకరి చినుకుల సవ్వడి బాల్యాన్ని గుర్తుకు తెస్తాయి. నాకు మాత్రం ఒక పాత మోటారు సైకిల్ ఇంజను చప్పుడు చాలు. సన్నగా మొదలై, గొంతు పెంచి, ఒక్కసారిగా ఉరకలెత్తే ఆ చప్పుడు వినగానే మా ఊరు, మా ఇంటి ముందరి వేపచెట్టు, దాని కింద గోనెపట్టా పరచుకొని కూర్చున్న మా బాపు కళ్ల ముందు నిలుస్తారు.

మాది జైపూర్. రాజస్థాన్ రాజధాని పేరే మా ఊరికీ ఉన్నది కాని, మాకు కోటలూ లేవు, రాజులూ లేరు. మంచిర్యాల నుంచి చెన్నూరుకు పోయే దారిలో ఉన్న మండల కేంద్రమిది. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉన్నది. ఇందారం దాటి గోదావరి వంతెన ఎక్కితే అవతలి ఒడ్డున గోదావరిఖని. అటూ ఇటూ నేల పొరల్లో ఉన్నదంతా బొగ్గే. 1889లో ఇల్లందు ప్రాంతంలో తవ్వకం ప్రారంభించిన సింగరేణి సంస్థ కాలక్రమాన మా గోదావరి లోయ పొడవునా విస్తరించింది. వ్యవసాయం చేసిన తాతల మనుమలు మూడు షిఫ్టుల కార్మికులయ్యారు.

బాపు నదికి ఆవల ఉన్న ఓపెన్‌కాస్ట్ గనిలో ఫిట్టరు. ఇల్లంత ఎత్తున్న డంపర్లను విప్పి బాగుచేయడం ఆయన పని. ఆ డంపర్లను మావాళ్లు ‘హాల్‌పాక్’ అనేవారు. చిన్నతనంలో అదేదో మా తెలుగు మాటే అనుకొన్నాను. అది అమెరికాలో పుట్టిన పేరని, అక్కడి సాంకేతిక సహకారంతో మన దేశపు బీఈఎంఎల్ సంస్థ ఆ పేరుతోనే డంపర్లను తయారుచేసిందని పెద్దయ్యాక తెలిసింది. 1988లో ఆ అమెరికా వ్యాపారం జపాన్‌కు చెందిన కొమాట్సుతో భాగస్వామ్యం కుదుర్చుకొని, క్రమంగా దాని వశమైంది. అంటే బాపు పానా పట్టిన ఒక్క యంత్రంలోనే మూడు దేశాల చరిత్ర ఇమిడి ఉన్నదన్నమాట. ఆయనకు ఆ చరిత్రతో నిమిత్తం లేదు. ఏ బోల్టు ఏ వైపు తిరిగితే వదులవుతుందో ఆయనకు తెలుసు. అదే ఆయన విద్య.

మా అన్నకు మాత్రం యంత్రమంటే విద్య కాదు, వ్యామోహం. కంపెనీ తన లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైన కొన్నేళ్లకు, ఒక దసరా ముందు, ఆ డబ్బుకు మరికొంత చేర్చి బాపు అతనికొక పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొనిపెట్టాడు. మన దేశంలో ఆ బండి తయారీ 1985లో మొదలై 1996లోనే ఆగిపోయింది. ఆగిపోయినందుకే కాబోలు, దాని మీద మోజు రెట్టింపయింది. చూడటానికి సన్నని బండి. ఇంజను పరిమాణం 98 ఘనపు సెంటీమీటర్లు మాత్రమే. అయినా పిడి తిప్పితే చాలు, పగ్గం తెంపుకొన్న కోడెలా దూకేది. గోదావరిఖని నుంచి చెన్నూరు దాకా కుర్రకారు ఆ చప్పుడును బట్టి బండి ఎవరిదో, దాని సైలెన్సరును ఎవరు మార్చారో కూడా చెప్పగలిగేవారు.

అన్న ఆ బండిని రోజుకు రెండుసార్లు తుడిచేవాడు. యమహా ముద్రలోని మూడు గీతలను చూసి అది త్రిశూలమని మేము నమ్మేవాళ్లం. నిజానికవి శ్రుతి చూసుకొనే దండాలు. మోటారు సైకిళ్లకు ముందు ఆ సంస్థ వాద్యాలు తయారుచేసేది. జపాన్‌లో పందెపు బండ్ల మీద వంగి కూర్చున్న ఆటగాళ్ల బొమ్మలు పత్రికల నుంచి కత్తిరించి అన్న గోడకు అంటించుకొన్నాడు. ఆ దేశం ఎక్కడుందో పటంలో చూపలేడు కాని, అక్కడ పుట్టివుంటే తన బతుకు వేరుగా ఉండేదని మాత్రం తరచు అనేవాడు.

2003లో నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. అన్న పోలీసు ఎంపికల కోసం తెల్లవారకముందే లేచి పరుగు సాధన చేస్తున్నాడు. దసరా మరునాటి ఉదయం, ఇందారం చౌరస్తా నుంచి గోదావరి వంతెన దాకా, అవతలి ఒడ్డు కుర్రవాడొకడితో అతనికి పందెం కుదిరింది. ఇద్దరివీ ఒకే రకం బండ్లు. బయలుదేరే సంకేతం ఇవ్వడానికి ఎవరో ఒకరు కావాలి. నేను ముందుకు వచ్చాను. మెడలోని దస్తీ విప్పి పైకెత్తి, ఒకటి, రెండు, మూడు అని లెక్కించి కిందికి దించాను. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం వంటిది అంతకుముందు ఎరుగను.

రెండు బండ్లూ నీలిపొగ వదిలి కనుమరుగయ్యాయి. కొంతసేపటికి ఒకటే చప్పుడు వినిపించింది. రెండవది వినిపించలేదు.

రోడ్డు అంచున లారీల నుంచి రాలి పేరుకొన్న ఇసుకలో అన్న బండి జారింది. కుడి తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. మోకాలు చితికింది. మూడు నెలలు మంచం మీదనే గడిపాడు. తిరిగి లేచి నిలబడేసరికి కుడికాలు అంగుళం పొట్టిదైంది. పోలీసు ఎంపికల మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే కొంత బరువు తగ్గేదేమో! దస్తీ పట్టిన చేతిని చూసుకొన్నప్పుడల్లా, ఆ రోజు దాన్ని దించకుండా ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న లోపల ముల్లులా కదలేది.

వంకరపోయిన బండిని ఎవరో ట్రాలీలో తెచ్చి వేపచెట్టు కింద పడవేశారు. దాన్ని తూకానికి అమ్మేయమని అమ్మ పట్టుబట్టింది. చుట్టాలూ అదే చెప్పారు. బాపు వినలేదు. గోనెసంచులు కప్పి ఉంచాడు. అన్న కర్రల సాయంతో నడవటం మొదలుపెట్టిన తరువాత, ఒక ఆదివారం ఆయన ప్లేడే డ్యూటీకి పోలేదు. ప్లేడే అంటే సెలవునాటి పని. దానికి రెట్టింపు కూలి వస్తుంది. ఆస్పత్రి అప్పులు తీరని ఆ రోజుల్లో ఆయన దాన్ని వదులుకోవడం మాకు ఆశ్చర్యం కలిగించింది. ఉదయమే పానాల సంచి తెచ్చి చెట్టుకింద పరిచాడు. అన్నను పీట మీద కూర్చోబెట్టాడు. నన్ను పిలిచి కిరోసిన్ గిన్నె పట్టుకొమ్మన్నాడు.

“ఏం బిడ్డా, గీ బండంటే నీకు పానం గద! దీని కడుపుల ఏమున్నదో ఎన్నడన్న సూసినవా?” అని అడిగాడు.

అన్న తల అడ్డంగా ఊపాడు.

“తెల్వనిదాన్ని మొక్కొచ్చు. గని తెల్వనిదాని మీద ఎక్కి ఉరకొద్దు. పట్టు, గా పానా.”

ఆ రోజు సాయంత్రం దాకా ఇంజను విప్పాం. కార్బురేటరు తీశాం. హెడ్డు తీశాం. సిలిండరును మెల్లగా పైకి లాగితే, నల్లని మసి పట్టిన పిస్టన్ బయటపడింది. అరచేతిలో ఇమిడేటంత చిన్న లోహపు ముక్క! అది నిమిషానికి కొన్ని వేలసార్లు పైకీ కిందికీ కదులుతుందని బాపు చెప్పాడు. పెట్రోలు ఆవిరి ఏ దారిన లోపలికి వస్తుందో, ఎక్కడ నిప్పు అంటుకొంటుందో, పొగ ఏ కిటికీ గుండా పోతుందో వేలితో చూపాడు. సైలెన్సరు కోసి చప్పుడు పెంచుకొన్నంత మాత్రాన వేగం పెరగదని కూడా అప్పుడే వివరించాడు. అరిగిపోయిన వెనుక బ్రేకు లైనర్లు తీసి అన్న ముందు పెట్టాడు. వాటిని చూసి అన్న చాలాసేపు మాట్లాడలేదు. తన అజాగ్రత్తకు ఆనవాళ్లు తన చేతిలోనే కనిపించాయి. నేను కిరోసిన్‌లో ఒక్కొక్క భాగాన్ని కడుగుతూ వచ్చాను. ఎంత కడిగినా నా వేళ్ల మసి వదలలేదు. కాని మనసులోని ముల్లు మొదటిసారి కొంచెం కదిలింది.

అటువంటి ఆదివారాలు ఆ ఏడు ఎన్నో గడిచాయి. అవే నన్ను మెకానికల్ ఇంజనీరింగు వైపు నడిపించాయి. కళాశాల గ్రంథాలయంలో ఒకనాడు జపాన్ మోటారు పరిశ్రమను గూర్చి చదువుతుండగా, సోయిచిరో హోండా జీవిత కథ తారసపడింది. యమహా బండి పుట్టిన హమమత్సు ప్రాంతమే ఆయనదీ. చదువుతున్నకొద్దీ అది నాకు మా ఇంటి కథలాగే తోచింది.

హోండా 1906లో ఒక పల్లెటూరి కమ్మరి ఇంట పుట్టాడు. తండ్రి సైకిళ్లు కూడా బాగుచేసేవాడు. పసితనంలో ఊరికి ఒక మోటారుకారు వచ్చినప్పుడు దాని వెంట పరుగెత్తి, అది ఆగినచోట నేలమీద పడిన నూనెను ముక్కు ఆనించి వాసన చూసి, చేతులకు పూసుకొన్నానని ఆయన పెద్దయ్యాక చెప్పుకొన్నాడు. 1922లో టోక్యోలోని ‘ఆర్ట్ షోకై’ అనే మరమ్మతుశాలలో పనికి చేరాడు. అప్పటి జపాన్ రోడ్లపై తిరిగే కార్లు అధికభాగం విదేశాలవే. 1923 మహాభూకంపంలో టోక్యో ట్రాముదారులు ధ్వంసమైనప్పుడు, ఆ నగరం ఫోర్డు ఛాసిస్‌లు తెప్పించి బస్సులుగా మార్చుకొన్నది. 1925లో ఫోర్డు సంస్థ యొకొహామాలోను, 1927లో జనరల్ మోటార్స్ ఒసాకాలోను కార్లు బిగించే కర్మాగారాలు ప్రారంభించాయి. ఆ దేశపు యువకులకు మోటారు అనగానే మనసులో మెదిలేది అమెరికా.

హోండా పనిచేసిన మరమ్మతుశాలవారు అమెరికాలో తయారైన కర్టిస్ విమానపు ఇంజనును ఒక అమెరికా కారు చట్రానికి బిగించి పందెపు కారు తయారుచేశారు. 1924 నవంబరులో జరిగిన పోటీలో అది గెలిచింది. నడిపేవాని పక్కన మెకానిక్‌గా కూర్చున్నవాడు, అప్పుడే పద్దెనిమిదేళ్లు నిండిన హోండా. పన్నెండేళ్ల తరువాత, 1936 జూన్‌లో, టోక్యో సమీపాన తమగావా పందెపుబాటలో, ఫోర్డు ఇంజను బిగించిన కారును ఆయన స్వయంగా నడిపాడు. ఈసారి పక్కన కూర్చున్న మెకానిక్ ఆయన తమ్ముడు బెంజిరో. మరొక కారు అడ్డు రావడంతో ఢీకొని వారి కారు పల్టీలు కొట్టింది. హోండా ప్రాణాలతో బయటపడ్డాడు. తమ్ముని వెన్నెముక విరిగింది.

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసివేశాను. అన్నదమ్ములు, పందెం, విరిగిన ఎముక! దేశం వేరు, కాలం వేరు, భాష వేరు. మోహానికి మనిషి చెల్లించే మూల్యం మాత్రం ఒక్కటే.

అయితే ఆ మోహం అక్కడితో ఆగలేదు. జపాన్‌వారు అమెరికా కార్లను కొని మురిసిపోయి ఊరుకోలేదు. విప్పి చూశారు. కీచిరో టొయోడా షెవ్రొలె కారును విప్పి, ఒక్కొక్క భాగాన్నీ పరిశీలించి, 1936లో తమ తొలి కారును మార్కెట్టుకు తెచ్చాడు. దాని ఆకృతిలో నాటి అమెరికా క్రైస్లర్ కారు ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. యుద్ధంలో ఓడి, నగరాలు బూడిదైన దేశంలో, 1946లో హోండా సైన్యం వాడి విడిచిన చిన్న ఇంజన్లను సైకిళ్లకు బిగించాడు. 1948లో కంపెనీ స్థాపించాడు. 1959లో లాస్ ఏంజిల్స్‌లో అమ్మకాల శాఖ తెరిచాడు. 1965లో మెక్సికోలో ఆ సంస్థ కారు తొలిసారి ఫార్ములా వన్ పోటీ గెలిచింది. దాన్ని నడిపినవాడు రిచీ గింథర్ అనే అమెరికన్. 1982లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలోనే హోండా కార్ల తయారీ మొదలైంది. ఒకనాడు నేలమీది నూనె వాసన చూసిన బాలుణ్ణి 1989లో అమెరికావారు తమ మోటారు రంగపు ప్రముఖుల సరసన చేర్చి గౌరవించారు. ఆసియా ఖండం నుంచి ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే.

శిష్యుడు గురువును మించాక గురువు మీది మమకారం తగ్గాలి కదా! జపాన్‌లో తగ్గలేదు. తమ కార్లు ప్రపంచమంతటా తిరుగుతున్నా, అమెరికా కార్ల పండుగలను వారు తమవిగా చేసుకొన్నారు. కాలిఫోర్నియాలో డీన్ మూన్ అనే వ్యక్తి పందెపు కార్ల విడిభాగాల దుకాణం నడిపేవాడు. 1987లో ఆయన మరణించాక, ఆ పేరును నిలబెట్టినవాడు యొకొహామాకు చెందిన షిగె సుగానుమా. 1992 నుంచి ఆ నగరంలో మార్పుచేసిన పాత కార్ల ప్రదర్శన పేరుపొందింది. మనలాగే జపాన్‌వారూ రోడ్డుకు ఎడమవైపున వాహనాలు నడుపుతారు. అయినా స్టీరింగు ఎడమచేతివైపున్న అమెరికా కార్లను ఏరికోరి తెప్పించుకొంటారు. సరుకులు మోసే డాడ్జ్ వ్యానులను పందెపుబాటల మీద పరుగెత్తించేవారున్నారు. వీటిలో లాభమేమిటని ఎవరైనా అడిగితే సమాధానం లేదు. వాటిని తమ చేతులతో విప్పి, మార్చి, బిగించుకోవడంలోనే వారి ఆనందం.

హోండా సంస్థ 1997లో మొతెగి అనే చోట, అమెరికా పద్ధతిలో, కోడిగుడ్డు ఆకారపు పందెపుబాటను నిర్మించింది. అమెరికా కార్లూ, ఆటగాళ్లూ సముద్రాలు దాటి అక్కడికి వచ్చి పోటీపడ్డారు. 2011 భూకంపం ఆ బాటను దెబ్బతీసింది. కాని ఆ కథ ముగియలేదు. 2017లో అమెరికాలోని ప్రఖ్యాత ఇండియానాపొలిస్ 500 మైళ్ల పోటీలో తకుమా సాటో గెలిచాడు. ఆ పోటీ గెలిచిన తొలి జపాన్ పౌరుడాయన. ఆయన కారులోని ఇంజను హోండాది. 2020లో మరల గెలిచాడు. అరువు తెచ్చుకొన్న ఇంజనుతో 1924లో సాగిన పరుగు, తొంబై మూడేళ్లకు సొంత ఇంజనుతో అమెరికా నడిబొడ్డుకు చేరింది.

ఈ కథంతా సెలవులకు వచ్చినప్పుడు అన్నకు చెప్పాను. బెంజిరో ప్రసక్తి వచ్చినప్పుడు నా గొంతు తడబడింది. దస్తీ దించింది నేనే కదా అన్నాను. ఇన్నేళ్లుగా ఆ మాట పైకి అనడం అదే మొదలు. అన్న కాసేపు తన కాలు వైపు చూసుకొని, “నువ్వు దించకపోతే ఇంకోడు దించేటోడు తమ్మీ. బ్రేకులు సూసుకోనిది నేను” అన్నాడు. తరువాత, “నా గోడ మీద బొమ్మలున్నయి గని, చేతుల పానా లేకుండె” అని మెల్లగా చేర్చాడు.

ఆ ఒక్క మాటలో నేను పుస్తకాలలో వెతికినదంతా ఉన్నది. పరాయి దేశపు వస్తువును చూసి ముచ్చటపడటం తప్పు కాదు. అందులో చిన్నతనం లేదు. మెచ్చడం చేతగానివానికి నేర్వడం కూడా చేతకాదు. అయితే కంటితో మొదలైన మెప్పు చేతివేళ్లలోకి దిగాలి. దిగకపోతే మనిషి ఆ వస్తువుకు బానిసగానే మిగులుతాడు. ఒక్కొక్కప్పుడు దానికి బలి కూడా అవుతాడు.

అన్న ఇప్పుడు జైపూర్‌లోనే మోటారు సైకిళ్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాడు. బాపు లేడు. ఆయన పానాల సంచి దుకాణంలో మేకుకు వేలాడుతున్నది. ఊరి రూపం మారింది. పొలాల పక్కన సింగరేణి సంస్థ 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నిర్మించింది. 2016లో అది జాతికి అంకితమైంది. దాని పొగగొట్టాలు ఇప్పుడు మా ఊరికి గోపురాలు. కొత్త బండి కొన్న కుర్రవాడెవడైనా చప్పుడు పెంచమని వస్తే, అన్న ముందుగా పీట వేసి కూర్చోబెట్టి, బ్రేకు విప్పించి చూపుతాడు. కొందరు నవ్వి వెళ్లిపోతారు. కొందరు కూర్చొంటారు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఆ జట్లలో మన దేశపు మహీంద్రా కూడా ఉన్నది. ఆ రోజు అన్న దుకాణంలో పదిమంది పిల్లలు టీవీ ముందు గుమిగూడారు. నేనూ అక్కడే ఉన్నాను. నీలిపొగ లేదు, ఉరకలెత్తే చప్పుడు లేదు. ఈలవంటి సన్నని ధ్వనితో కార్లు దూసుకుపోయాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. అన్న మాత్రం నావైపు తిరిగి, “తమ్మీ, దీన్ని విప్పితే లోపల ఏముంటది?” అని అడిగాడు. యాబైకి చేరువవుతున్న అతని కళ్లలో, కారు వెంట పరుగెత్తిన ఆ పల్లెటూరి బాలుడు కనిపించాడు. నాకు తెలిసినంత చెప్పాను. అన్న ఒక పాత బ్యాటరీ బండి మోటారు సంపాదించి, మరునాడే విప్పడం మొదలుపెట్టాడు.

దుకాణం వెనుక గదిలో ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ ఉన్నది. దాని ప్రతి భాగాన్నీ అన్నే సరిచేశాడు. ఏటా దసరా నాడు ఆయుధపూజకు దాన్ని బయటికి తీసి, కుంకుమ పెట్టి, ఒకసారి స్టార్టు చేస్తాం. దాని కిక్కు కుడివైపున ఉంటుంది. అన్న కుడికాలితో దాన్ని కొట్టలేడు. అందుకే హ్యాండిల్ అతను పట్టుకొంటాడు, కిక్కు నేను కొడతాను. మొదటి దెబ్బకు పలకదు. రెండవ దెబ్బకు దగ్గుతుంది. మూడవ దెబ్బకు నీలిపొగ వదిలి పాట అందుకొంటుంది. అన్న కళ్లు మూసుకొని తల వంచి వింటాడు. అతను వినేది వేగాన్ని కాదు. లోపల ఏ భాగం ఏ పని చేస్తున్నదో వింటాడు.